దొర వేటాడిన అడవి.. నేడు అభయారణ్యం

ఏ. పళ్లిపట్టి (ధర్మపురి జిల్లా): పెన్నాగరం, అంచెట్టి, డెంకణికోట, జవలగిరి.. మన చుట్టుపక్కల ఊర్ల పేర్లు విదేశాల్లో పుస్తకాలు చదివేవాళ్లకు కూడా తెలుసంటే అందుకు కారణం కెన్నెత్ ఆండర్సన్. పులుల వేటగాడిగా పేరుమోసిన ఈ దొర చివరికి అడవి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. ఆయన తుపాకీతో తిరిగిన అడవులకు ఇప్పుడు మంచి రోజులొస్తున్నాయి.

ఆండర్సన్ 1910 మార్చి 8న సికింద్రాబాద్ దగ్గరి బొలారంలో పుట్టారు. వాళ్లది తరతరాలుగా మన దేశంలో స్థిరపడిపోయిన స్కాట్లాండ్ కుటుంబం. చదువు, కాపురం బెంగళూరులోనే. అక్కడి విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, కారెక్కి అడవి దారి పట్టేవారు. కన్నడం, తమిళం రావడంతో పల్లె జనంలో ఇట్టే కలిసిపోయేవారు. అప్పటికి ధర్మపురి జిల్లా లేదు. 1965 వరకు ఇదంతా సేలం జిల్లానే. చిన్నార్ ఏటి ఒడ్డున పరిచయమైన బైరా అనే పూజారి తెగ మనిషి ఆయనకు అడవి గుట్టుమట్లు ఎన్నో నేర్పాడు.

మనిషి మాంసం మరిగిన పులి, చిరుత ఎక్కడైనా తిరుగుతోందని తెలిస్తే ఆండర్సన్‌కు కబురు వచ్చేది. సర్కారు లెక్కల ప్రకారం 1939–1966 మధ్య అలాంటి 8 చిరుతలను, 7 పులులను ఆయన మట్టుబెట్టారు. చిత్తూరు వైపు చామల లోయ, మామండూరు అడవులు కూడా ఆయన కథల్లోకి ఎక్కాయి. 1954లో తొలి పుస్తకం వచ్చింది.

అయితే ఆ కథల్లో పులి ఒక్కటే దోషి కాదు. దొంగ వేటగాళ్ల తూటా తగిలి కుంటిదైన మృగం జింకను పట్టలేక పశువుల మీద పడుతుందని, ఆపై మనిషి మీదికి వస్తుందని ఆయన రాశారు. అంటే మనిషి చేసిన గాయమే తిరిగి మనిషికి తగులుతోందన్నమాట. రాత్రిళ్లు లైట్లు వేసి కాల్చేవాళ్లు, పశువు కళేబరానికి పురుగుమందు పూసి పులుల్ని చంపేవాళ్లు పెరగడం కళ్లారా చూశారు. చివరి ఏళ్లలో తుపాకీకి బదులు కెమెరా పట్టారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాయి. 1974 ఆగస్టు 30న కేన్సర్‌తో ఆండర్సన్ కన్నుమూశారు.

ఆ తర్వాత అడవి పరిస్థితి మెల్లగా మారింది. చామల వైపు శేషాచలం కొండల్లో 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఏర్పడింది. ఇటు ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో 2014లో 504 చదరపు కిలోమీటర్లతో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో 686 చదరపు కిలోమీటర్లతో కావేరి దక్షిణ అభయారణ్యం వచ్చాయి. రెండోదాంట్లో 35 రకాల క్షీరదాలు, 238 రకాల పక్షులు ఉన్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కర్ణాటక అడవులతో కలిసిపోవడంతో ఏనుగులు తిరగడానికి దారి దొరికింది. ఆండర్సన్ పేరు మీదే ఏర్పడిన నేచర్ సొసైటీ ఈ మేలగిరి కొండల్లో పనిచేస్తోంది.

అలాగని కష్టం తీరిపోలేదు. 2023 మార్చిలో మారండహళ్లి దగ్గర ఓ పొలంలో అక్రమంగా పెట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చనిపోయాయి. రెండు గున్నలు తల్లి లేనివయ్యాయి. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం కరెంటు కంచెలను నమోదు చేయించాలంటూ నిబంధనలు తెచ్చింది. మృగం ప్రాణం తీయకుండా పంట దక్కించుకునే సోలార్ కంచెలు ఉన్నాయి. కొండవార సేద్యం చేసుకునే మన రైతులు కంచె కట్టే ముందు ఒకసారి అటవీ శాఖ ఆఫీసులో వాకబు చేస్తే అటు పంటా నిలుస్తుంది, ఇటు ఏనుగూ బతుకుతుంది.