డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – మన గుండె

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న గోదావరి అవతలి భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు మనవలెనే ప్రభుత్వోద్యోగి, రెవెన్యూ శాఖ. అనారోగ్యంతో ముందుగానే ఉద్యోగం విరమించారు. తల్లి వెంకమ్మ గారు నగలమ్మి కుమారుని చదివించారు. రెండుసార్లు తప్పి, మూడోసారి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి తెల్లదొర ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1923లో అమెరికా చేరారు. హార్వర్డులో ఫిస్క్ గారితో కలిసి, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లను కనుగొన్నారు. గుండె కొట్టుకొనేది కూడా ఆ శక్తితోనే. 1940లో లెడర్లీ సంస్థలో చేరాక ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ ఆయన నాయకత్వంలో వెలువడ్డాయి. బోదకాలు రాకుండా మన ఊళ్లలో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడిదే. ఇన్ని జబ్బులకు మందు చూపిన మహనీయుడు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. వయస్సు 53. మళ్లీ స్వదేశం చూడనేలేదు.

అదే సంవత్సరం బోస్టన్ చేరువలోని ఫ్రామింగ్‌హామ్‌లో గుండె జబ్బులపై పరిశోధన మొదలైంది. రక్తపోటు, కొలెస్టరాల్, పొగత్రాగడం ముఖ్య కారణాలని తేలింది. 1958లో ఏడు దేశాల్లో ప్రారంభించిన పరిశీలనలో తూర్పు ఫిన్లాండు పురుషులు గుండె జబ్బుతో అధికంగా, జపాను వారు, గ్రీసులోని క్రీటు దీవివారు బహు తక్కువగా మరణించారు. ఇది తలరాత కాదు. వెన్న, ఉప్పు, పొగ తగ్గించే కార్యక్రమం 1972లో చేపట్టాక, నాలుగు దశాబ్దాల్లో అదే ఫిన్లాండు ప్రాంతంలో పనిచేసే వయస్సు పురుషుల గుండె మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

మరి మన సంగతి? 52 దేశాల అధ్యయనంలో దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తున్నట్లు, ఇతరులకు సుమారు 59 ఏళ్లకని తేలింది. సుబ్బారావు గారి వయస్సుతో సరిపోవడం కాకతాళీయమే కావచ్చు. కాని షుగరు, చెడు కొవ్వు వంటివి మనవారికి చిన్న వయస్సులోనే రావడం ఇందుకు ముఖ్య కారణమన్నారు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలు లెక్కించగా, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. పల్లెలకు ఈ జబ్బు రాదన్న భ్రమ ఇక వద్దు.

మిత్రులారా! మనం డెబ్భై దాటాం. మన బిడ్డలు ఆ 53 దగ్గర ఉన్నారు. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం మరువని మనం, ఇంట్లో నలభై దాటిన వారికి బి.పి., షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు చేయించడం మరువరాదు. ఆ మహనీయునికి మనమివ్వగల నివాళి అదే.