మీసం తీసేసి యుద్ధానికి వెళ్లిన గేబుల్

క్లార్క్ గేబుల్ అంటే మన పెద్దలకు 'గాన్ విత్ ది విండ్' గుర్తొస్తుంది. 1942 జనవరిలో ఆయన భార్య, నటి కరోల్ లాంబార్డ్ యుద్ధ బాండ్లు అమ్మి తిరిగొస్తూ నెవాడాలో విమానం కూలి చనిపోయారు. ఆ ఆగస్టులోనే, 41 ఏళ్ల వయసులో, గేబుల్ మామూలు సిపాయిగా చేరారు. పేరుపడ్డ ఆ మీసమూ తీసేశారు.

ఇంగ్లండ్‌లో ఆయనకిచ్చిన పని బాంబర్ విమానాల గన్నర్లపై సినిమా తీయడం. నేలమీదే ఉన్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదేమో. 1943లో ఐదుసార్లు బి-17 ఎక్కి శత్రువుల కాల్పుల్లోకి వెళ్లారు. మామూలు కుర్రాళ్ల వంతు 25 సార్లు. ఆ లెక్కన ఐదు తక్కువే, మేమూ ఒప్పుకుంటాం. కానీ వాళ్లకు తప్పదు, ఈయన కోరి వెళ్లారు.

1944లో మేజర్‌గా బయటికొచ్చారు. విడుదల కాగితాలపై సంతకం చేసింది ఇంకో నటుడు, అప్పటి కెప్టెన్ రొనాల్డ్ రీగన్! తర్వాత గేబుల్ మరో రెండు పెళ్లిళ్లు చేసుకున్నారు. 1960లో చనిపోయాక మాత్రం కరోల్ పక్కనే సమాధి చేశారు.