ఒక రచయిత, రెండు లిపులు

పార్లమెంటులో భాషా సమస్య తలెత్తినప్పుడల్లా సభ్యులు రాజ్యాంగ అధికరణాలను ఉదహరిస్తారు. పత్రికా విలేఖరుల గ్యాలరీలో కూర్చుని ఆ వాదోపవాదాలను ఆలకించే నాకు మాత్రం ఒక నవలాకారుని జీవితం స్ఫురిస్తుంది. ఆయన ప్రేమ్‌చంద్. హిందీవారూ తమవాడే అంటారు, ఉర్దూవారూ తమవాడే అంటారు.

1880 జూలై 31న కాశీ సమీపాన లమహీ గ్రామంలో పుట్టిన ఆయన అసలు పేరు ధనపత్ రాయ్. నేర్చినది పారసీ, ఉర్దూ. నవాబ్ రాయ్ పేరుతో ఉర్దూలోనే రచన ఆరంభించాడు. 1908లో వెలువడిన ‘సోజే వతన్’ కథల సంపుటిలో ప్రభుత్వానికి రాజద్రోహం కనిపించింది. అప్పుడాయన హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల తనిఖీ ఉద్యోగి. కలెక్టరు పిలిపించి మందలించాడు. ప్రతులు అగ్నికి ఆహుతి అయ్యాయి. ఇకమీదట ఏది రాసినా ముందుగా చూపాలన్న ఆంక్ష పడింది. నవాబ్ రాయ్ అంతటితో అంతరించాడు. ‘జమానా’ సంపాదకుడు దయానారాయణ్ నిగమ్ సూచించిన ప్రేమ్‌చంద్ అనే పేరు 1910లో ఆ స్థానాన్ని ఆక్రమించింది.

కొన్నేళ్లకు లిపి సైతం మారింది. అందుకు ముఖ్య కారణం సిద్ధాంతం కాదు, ప్రచురణ వసతి. ఉర్దూలో రచించిన ‘బాజారే హుస్న్’ మొదట హిందీలో ‘సేవాసదన్’గా వెలువడింది. ఉర్దూ ప్రతి 1924లో గాని రాలేదు. నేరుగా హిందీలోనే రాసిన తొలి నవల 1926 నాటి ‘కాయాకల్ప్’.

పేరు పోగొట్టుకున్న ఈ రచయిత నవలలను వరుసగా చదివితే ఒకే ప్రశ్న ఎదురవుతుంది: మనిషికి పేరు పెట్టే అధికారం ఎవరిది? ‘సేవాసదన్’లో సుమన్‌ను గృహిణి అన్న లోకమే వేశ్య అంటుంది. ‘రంగభూమి’లో అంధ భిక్షకునికి సొంత పేరే అక్కరలేదు, గుడ్డివాడు గనుక సూరదాసు. సిగరెట్ల కార్ఖానా కోసం అతని నేలను కాజేయజూస్తారు. 1936 నాటి ‘గోదాన్’లో హోరీ రైతు అన్న పేరు నిలుపుకోవడానికి జీవితమంతా పెనుగులాడి, కూలీగా మరణిస్తాడు.

గాంధీజీ పిలుపు విని 1921లో ప్రేమ్‌చంద్ సర్కారు కొలువు వదలుకున్నాడు. 1930లో ‘హంస్’ పత్రిక స్థాపించి నష్టాలు భరించాడు. 1934లో మద్రాసు వచ్చి హిందీ ప్రచార సభలో స్నాతకోపన్యాసం చేశాడు. రెండు లిపులకూ చెందిన హిందుస్తానీయే ఆయన కోరిక. 1936 అక్టోబరు 8న కన్నుమూశాడు.

పదమూడేళ్ల తరువాత, 1949 సెప్టెంబరు 14న, రాజ్యాంగ సభ దేవనాగరి లిపిలోని హిందీని అధికార భాషగా ఆమోదించింది. ఎనిమిదవ షెడ్యూలులో హిందీ ఒక భాష, ఉర్దూ మరొక భాష. హిందుస్తానీకి అందులో చోటు లేదు. ప్రేమ్‌చంద్ మాతృభాష ఏదో తేల్చి ఒక పేరు కింద నమోదు చేయమంటే, ఆయన రచనలో సగాన్ని కొట్టివేయవలసి వస్తుంది. భాషలకు సరిహద్దులు గీసే మన పాలకులు ఈ నష్టాన్ని లెక్కలో చేర్చుకోవడం లేదు.