కార్మిక మంత్రి వి.వి. గిరి, మన పార్వతీపురం తీర్పు

తెల్లవారక ముందే పూర్ణా మార్కెట్‌కు వెళితే లారీల దగ్గర బస్తాలు దించే కళాసీలు కనిపిస్తారు. దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందే వాళ్ల పని సగం అయిపోతుంది. విశాఖలో చదువుకుంటూనో, పని వెతుక్కుంటూనో మన్యం నుంచి దిగిన మన పిల్లలకు ఈ మార్కెట్ కొత్త కాదు. సరుకు కొనడానికి వచ్చేవాళ్లున్నారు, రోజు కూలికి వచ్చేవాళ్లూ ఉన్నారు. బస్తాకు ఇంత అని కూలి మాట్లాడుకోవడం, ఒకరికి అన్యాయం జరిగితే పదిమంది పని ఆపి నిలబడడం ఈరోజు మనకు మామూలు విషయాలుగా కనిపిస్తాయి. నూరేళ్ల కిందట అవి మామూలు కావు. వాటిని మామూలు విషయాలుగా మార్చడానికి పాటుపడిన వారిలో వి.వి. గిరి ఒకరు.

ఆయన పేరులో గిరి ఉంది గాని, ఆయన గిరిజనుడు కాడు. మరి మన సంఘం సంచికలో ఆయన జీవితం ఎందుకని యువత అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, కార్మికుల పక్షాన వెలువడిన తీర్పును ప్రభుత్వమే తగ్గిస్తే మంత్రి పదవిని వదిలేసిన మనిషి ఆయన. రెండోది, మన పార్వతీపురంలో ఒక గిరిజన అభ్యర్థి చేతిలో ఆయన ఓడిపోయారు. ఆ ఓటమిపై ఆయన వేసిన కేసులోనే మనకు ఎప్పటికీ పనికొచ్చే తీర్పు వచ్చింది. ఆయన గురించి చెప్పేటప్పుడు ఈ రెండూ చెప్పాలి.

వరాహగిరి వెంకట గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు, కాంగ్రెస్ నాయకుడు. కొడుకు కూడా వకీలు కావాలని 1913లో ఐర్లండులోని డబ్లిన్‌కు పంపారు. సరిగ్గా ఆ ఏడే డబ్లిన్‌లో యజమానులు, సంఘంలో చేరిన కార్మికులను పనిలోకి రానివ్వకుండా తలుపులు మూసేశారు. నెలల తరబడి అక్కడి కార్మిక కుటుంబాలు పస్తులున్నాయి. లా చదవడానికి వెళ్లిన గిరి, పనిచేసేవాడి కష్టం ఏమిటో ఆ నగరంలో చూశారు. 1916లో బ్రిటిష్ పాలనపై ఐరిష్ ప్రజలు తిరగబడ్డారు. వారి ఉద్యమంతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ఆయనను దేశం విడిచి వెళ్లమన్నారు. అదే ఏడాది తిరిగివచ్చి వకీలు వృత్తి మొదలుపెట్టారు. కానీ కోర్టు గదిలో ఎంతోకాలం నిలవలేదు. స్వాతంత్ర్యోద్యమంలోకి, అక్కడి నుంచి కార్మికుల మధ్యకు వెళ్లారు.

ఆయన ముందుగా చేరింది రైల్వే కార్మికుల దగ్గరికి. అప్పటి బెంగాల్ నాగపూర్ రైల్వే హౌరా వైపు నుంచి మన వాల్తేరు దాకా నడిచేది. దాని వర్క్‌షాపుల్లో, పట్టాల మీద వేలమంది పనిచేసేవారు. వారి సంఘాన్ని నిలబెట్టిన వారిలో గిరి ముఖ్యులు. తర్వాత అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషన్ ఏర్పాటులో పాలుపంచుకుని, ఎన్నో ఏళ్లు దాని ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షులయ్యారు. 1927లో కార్మికుల ప్రతినిధిగా జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సదస్సుకు వెళ్లారు.

1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కార్మికుల తొలగింపుపై సమ్మె వచ్చింది. దాన్ని గిరి నడిపించారు. రాయి విసరకుండా, ఆస్తి తగలబెట్టకుండా సమ్మె నడపాలని ఆయన పట్టుబట్టారు. చివరికి కంపెనీ, ప్రభుత్వం దిగివచ్చి కార్మికుల కోరికలను ఒప్పుకోవలసి వచ్చింది. సమ్మె అంటే గొడవ అనుకునే రోజుల్లో, అది లెక్క ప్రకారం, క్రమశిక్షణతో నడిచే పోరాటం అని ఆ గెలుపు చూపించింది. 1931లో లండన్‌లో జరిగిన రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కూడా ఆయన కార్మికుల తరఫున వెళ్లారు.

1937 ఎన్నికలు మన ప్రాంతం మరచిపోలేనివి. మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా పనిచేసిన బొబ్బిలి రాజా మీద, ఆయన సొంత బొబ్బిలిలోనే గిరి పోటీ చేశారు. జస్టిస్ పార్టీ నాయకుడు, పెద్ద జమీందారు అయిన రాజా ఓడిపోయారు. గిరి గెలిచి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేసినప్పుడు ఆయనా దిగిపోయారు. తర్వాత జైలు జీవితం. క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో మరోసారి మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చాక సిలోన్‌లో మన దేశ హైకమిషనర్‌గా పనిచేశారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. తగాదా వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వం తీర్పు రుద్దకూడదని, ముందు యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలని ఆయన నమ్మకం. అలా మాట్లాడాలంటే కార్మికుల సంఘం బలంగా ఉండాలని కూడా చెప్పేవారు. ఈ పద్ధతికే గిరి విధానం అని పేరు వచ్చింది. లే ఆఫ్ చేసినా, పనిలోంచి తీసేసినా కార్మికుడికి పరిహారం ఇవ్వాలన్న చట్టం 1953లో ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది.

1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా ముదిరింది. లేబర్ అప్పీలు ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. బ్యాంకులు అంత భారం మోయలేవంటూ ప్రభుత్వం ఆ తీర్పును మార్చి, ఉద్యోగులకు దక్కవలసిన దాన్ని తగ్గించింది. గిరి మంత్రివర్గంలో అడ్డు చెప్పారు. మాట చెల్లలేదు. తీర్పు చెప్పే ట్రిబ్యునల్‌ను ప్రభుత్వమే వేసి, ఆ తీర్పు నచ్చకపోతే ప్రభుత్వమే మార్చేస్తే ఇక కార్మికుడు ఎవరిని నమ్మాలన్నది ఆయన ప్రశ్న. కార్మిక మంత్రిగా దానికి జవాబు చెప్పలేక రాజీనామా చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన బ్యాంకు అవార్డు కమిషన్‌కు జస్టిస్ గజేంద్రగడ్కర్ నాయకత్వం వహించారు. ఉద్యోగులు పోగొట్టుకున్నదాంట్లో చాలా భాగం ఆ కమిషన్ సిఫార్సుతో 1955లో తిరిగి దక్కింది. ఈ న్యాయమూర్తి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

1957లో గిరి పార్వతీపురం లోక్‌సభ స్థానం నుంచి పోటీ చేశారు. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకు రిజర్వు, ఒకటి జనరల్. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు ఉండేవి. ముందుగా గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చిన వారికి రిజర్వు సీటు ఇచ్చేవారు. తర్వాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి జనరల్ సీటు. రిజర్వు సీటు బిడ్డిక సత్యనారాయణకు దక్కింది. మిగిలిన వారిలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చింది మరో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు. కేంద్రమంత్రిగా చేసిన గిరి, వెయ్యి ఓట్ల తేడా కూడా లేకుండా ఆయన వెనక నిలిచిపోయారు. రెండు సీట్లూ గిరిజనులవే అయ్యాయి.

గిరి ఎన్నికల పిటిషన్ వేశారు. అది చివరికి సుప్రీంకోర్టుకు చేరింది. ఆయన తరఫు వాదన ముఖ్యంగా రెండు మాటలు. రిజర్వు సీటు కోసం నిలబడిన గిరిజనుడికి జనరల్ సీటు ఇవ్వకూడదన్నది ఒకటి. సూరిదొర కుటుంబం ఎప్పుడో ఆచారాలు మార్చుకుందని, దస్తావేజుల్లో క్షత్రియులమని రాసుకుందని, కాబట్టి ఆయన ఇప్పుడు గిరిజనుడే కాడన్నది రెండోది. కార్మికుల తీర్పు కోసం పదవి వదిలిన మనిషి, ఇక్కడ మన మనిషి గెలుపుకు ఎదురు నిలిచారు. ఇది దాచవలసిన విషయం కాదు. గొప్పవారి జీవితంలో మనకు నచ్చని పేజీ కూడా ఉంటుంది.

1959లో తీర్పు వచ్చింది. మెజారిటీ తీర్పు రాసింది అదే జస్టిస్ గజేంద్రగడ్కర్. జనరల్ సీటు ఏ ఒక్క వర్గానిదీ కాదు, అది అందరిదీ, అందులో గిరిజనుడికీ వాటా ఉంది అని కోర్టు తేల్చింది. రిజర్వేషన్ కనీసం ఇంత దక్కాలని చెప్పేదే గాని, ఇంతకు మించి దక్కకూడదని చెప్పేది కాదన్నది ఆ తీర్పు సారం. దస్తావేజులో ఒక మాట రాసుకున్నంత మాత్రాన, పై వర్ణాల ఆచారం పాటించినంత మాత్రాన పుట్టిన తెగ పోదని కూడా చెప్పింది. సూరిదొర గెలుపు నిలిచింది. రెండేళ్ల తర్వాత, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. తీర్పులోని సూత్రం మాత్రం అలాగే ఉంది.

గిరి ఆ ఓటమితో ఆగిపోలేదు. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969 జూలైలో తాత్కాలిక రాష్ట్రపతిగా 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం పెట్టారు. బ్యాంకుల విషయంలో పదిహేనేళ్ల కిందట పదవి వదిలిన మనిషికి ఆ సంతకం దక్కింది. మరునాడే పదవి వదిలి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, మరో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డిపై గెలిచారు. ఆ గెలుపును కొందరు కోర్టులో సవాలు చేసినప్పుడు, పదవిలో ఉన్న రాష్ట్రపతి అయినా 1970లో సుప్రీంకోర్టు ముందు తానే వచ్చి సాక్ష్యం చెప్పారు. పార్వతీపురం కేసులో వాది అయిన ఆయన, ఈసారి సామాన్య సాక్షిలా జవాబు చెప్పారు. 1974 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. 1975లో భారతరత్న అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆయన జీవితం నుంచి మనం తీసుకోవలసినవి రెండు. పూర్ణా మార్కెట్‌లో కూలికి వెళ్లినా, పోర్టులో, స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనిలో చేరినా ఒంటరిగా ఉండకండి, సంఘంలో చేరండి. రాసిచ్చిన ఒప్పందాన్ని జాగ్రత్తగా దాచుకోండి. మాట మారిస్తే శాంతంగా, అందరూ కలిసి అడగండి. ఇది గిరి నేర్పిన పాఠం.

రెండోది ఆయన ఓటమి నేర్పిన పాఠం. నగరానికి వచ్చాక వేషం, మాట కొంత మారడం సహజం. అంతమాత్రాన మనం మనం కాకుండా పోము. పంచాయతీలోగానీ, కాలేజీలోగానీ, సంఘం ఎన్నికల్లోగానీ జనరల్ అని రాసి ఉన్న చోటు చూసి అది మనది కాదని వెనక్కి తగ్గకండి. పార్వతీపురం ఓటర్లు 1957లోనే ఒక గిరిజన బిడ్డను ఆ చోట కూర్చోబెట్టారు. ఆయనను అక్కడ నుంచి లేపడానికి మాజీ కేంద్రమంత్రి దేశంలోని పెద్ద కోర్టు దాకా వెళ్లినా కుదరలేదు. ఆ చోటు ఇప్పటికీ తెరిచే ఉంది.