డిగ్రీ వద్దన్నారు.. ఊరికి నిధులు కావాలన్నారు

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లని ఎవర్నైనా అడగండి. బల్వంతరాయ్ మెహతా అనగానే మూడంచెల పంచాయతీ, 1957 అని టక్కున చెప్పేస్తారు. బీటెక్ అయ్యాక ఆ పుస్తకాలు పట్టినప్పుడు నేనూ అంతే. ఒక బిట్టు, ఒక మార్కు, తర్వాతి ప్రశ్న. ఆయన కమిటీలో అంచెలతో పాటు డబ్బు సంగతీ అంతే గట్టిగా ఉందని చాలా రోజులకి గానీ తెలీలేదు.

గుజరాత్‌లోని భావనగర్ ఆయనది. 1920లో, అటూఇటుగా ఇరవై ఏళ్ల వయసులో, బీఏ చదివి కూడా పట్టా తీసుకోలేదు. పరాయి ప్రభుత్వం ఇచ్చే డిగ్రీ నాకొద్దనుకున్నారు. సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని తిరిగే మనకి అదెంత పెద్ద నిర్ణయమో వేరే చెప్పక్కర్లేదు. అక్కణ్నుంచి సహాయ నిరాకరణలోకి దిగారు. 1928లో పెంచిన భూమి శిస్తు కట్టబోమని బార్డోలీ రైతులు ఎదురు తిరిగితే వాళ్లతో నిలబడ్డారు. ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు.

స్వతంత్రం వచ్చాక లోక్‌సభకి ఎన్నికయ్యారు. ప్రభుత్వ ఖర్చుల్ని పరిశీలించే అంచనాల కమిటీకి అధ్యక్షుడయ్యారు. పైసా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో చూసే పని అది. 1957 జనవరిలో ఇంకో బాధ్యత అప్పగించారు. 1952లో మొదలైన సమాజ అభివృద్ధి పథకం ఊళ్లలో ఎందుకు అనుకున్నంతగా నడవట్లేదో తేల్చమన్నారు.

ఆ ఏడాది నవంబర్‌లో రిపోర్టు ఇచ్చారు. అందులో తేల్చింది సింపుల్‌గా చెప్పాలంటే ఇదీ: పథకం అధికారులది, ఊరిది కాదు. బాధ్యత ఇస్తే సరిపోదు, అధికారం ఇవ్వాలి, దాంతో పాటు డబ్బూ ఇవ్వాలి. అందుకే గ్రామ పంచాయతీ, సమితి, జిల్లా పరిషత్ అని నిర్మాణం చెప్పి ఊరుకోలేదు. బ్లాకులో ఖర్చయ్యే ప్రభుత్వ నిధులు సమితి ద్వారానే వెళ్లాలన్నారు. భూమి శిస్తులో స్థానిక సంస్థలకి చట్టబద్ధంగా వాటా ఉండాలన్నారు. బార్డోలీలో శిస్తు మీద పోరాడిన మనిషే, ముప్ఫై ఏళ్లకి అదే శిస్తులో ఊరి వాటా అడిగారన్నమాట.

1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో, అదే నెల 11న మన షాద్‌నగర్‌లో నెహ్రూ పంచాయతీ రాజ్‌ని ప్రారంభించారు. భవనాలు లేచాయి, బోర్డులు వెలిశాయి. తాళం చెవి మాత్రం రాష్ట్రాల దగ్గరే ఉండిపోయింది. గ్రాంటు ఇస్తే పని, లేకపోతే ఎదురుచూపు. చాలాచోట్ల ఎన్నికలూ వాయిదా పడ్డాయి.

మెహతా అదంతా చూడలేదు. 1963 సెప్టెంబర్‌లో గుజరాత్ ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా రెండేళ్లకి, 1965 సెప్టెంబర్ 19న, యుద్ధం జరుగుతుండగా కచ్ సరిహద్దు చూడ్డానికి వెళ్లారు. పాకిస్తాన్ యుద్ధ విమానం ఆయన ప్రయాణిస్తున్న చిన్న విమానాన్ని కూల్చేసింది. ఆయనతో పాటు భార్య సరోజ్‌బెన్, విమానంలో ఉన్న మిగతావాళ్లంతా చనిపోయారు.

ఆయన అడిగిన వాటాకి రాజ్యాంగంలో చోటు దొరకడానికి 1993 దాకా పట్టింది. 73వ సవరణతో ప్రతి ఐదేళ్లకీ రాష్ట్ర ఆర్థిక సంఘం వేయడం తప్పనిసరైంది. రాష్ట్ర ఆదాయంలో పంచాయతీలకి ఎంత ఇవ్వాలో అది చెబుతుంది. దాని మీద ఏం చేశారో ప్రభుత్వం అసెంబ్లీ ముందు పెట్టాలి. కానీ సిఫార్సు సిఫార్సే, ఇచ్చి తీరాలన్న బలవంతం లేదు. కేంద్రం డబ్బుకీ షరతులున్నాయి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి గ్రామీణ గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసింది. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే అదీ రాదు.

రేపు మీలో ఒకరు పంచాయతీ కార్యదర్శో, ఎంపీడీఓనో అవుతారు. వీధి లైటు మాడిపోయిందని ఒక పెద్దాయన ఆఫీసుకొస్తాడు. ఖాతాలో డబ్బుంటుంది, కానీ లైటుకి వాడకూడని డబ్బు. మెహతా ఏం అడిగారో అప్పుడు పూర్తిగా అర్థమవుతుంది. ఈలోపు ఒక పని చేయండి. ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో మీ ఊరి పంచాయతీ ఖర్చులు తెరిచి, ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో చూడండి. పరీక్షలో మార్కు సంగతి తర్వాత, ముందు మీ ఊరి లెక్క తెలుస్తుంది.