పాస్కల్‌కి పంతొమ్మిదేళ్లు

సంక్రాంతి సెలవుల్లో శ్రీకాళహస్తి పోయినప్పుడు మా మామ దిగులుగా ఉన్నాడు. అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రాక్ లోడర్ కొన్నాడు. జేసీబీ కన్నా చిన్నది, టైర్ల బదులు రబ్బరు ట్రాకులు ఉంటాయి. కొన్న నెలకే బకెట్ ఎత్తేటప్పుడు జర్కులు, పంపులో గులకరాళ్లు కొట్టుకున్నట్టు శబ్దం, ట్యాంకులో ఆయిల్ మీద నురగ. మొదట వచ్చిన మెకానిక్ పంపు పోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఆ రేటు విని మా అత్తకి రెండు రోజులు అన్నం సయించలేదు.

నురగ ఉందంటే ఆయిల్‌లోకి గాలి పోతా ఉందని అర్థం. కానీ ఎక్కడా చుక్క ఆయిల్ కారడం లేదు. ఆయిల్ బయటికి రాని చోట గాలి లోపలికి ఎట్లా పోతుంది? దీనికోసం వెతుకుతా పోయి, 1662లో చనిపోయిన బ్లెయిజ్ పాస్కల్ దగ్గర తేలాను. మన సీఎస్ఈ వాళ్లకి పాస్కల్ అంటే ఒక పాత ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్, మెకానికల్ వాళ్లకి ప్రెషర్ యూనిట్. మనిషిగా ఆయన ఎవరో నాకు అప్పటిదాకా తెలీదు.

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్‌లో పుట్టాడు. మూడేళ్లకే తల్లి పోయింది. అక్క జిల్బెర్త్, చెల్లెలు జాక్లీన్, తండ్రి ఎటియెన్, అంతే కుటుంబం. పిల్లాడిని తండ్రి బడికి పంపలేదు, ఇంట్లోనే చదివించాడు. ముందు భాషలు బాగా రావాలని లెక్కల పుస్తకాలు దాచిపెట్టాడు. పన్నెండేళ్ల పాస్కల్ నేల మీద బొగ్గుతో బొమ్మలు గీసుకుంటా జామెట్రీని సొంతంగా కనిపెట్టడం మొదలుపెట్టాడని అక్క తర్వాత రాసింది. తండ్రి ఇక దాచలేకపోయాడు.

తర్వాత తండ్రికి రువాన్ నగరంలో పన్నుల ఉద్యోగం వచ్చింది. రాత్రిళ్లు కూర్చుని కూడికలు, తీసివేతలు చేసేవాడు. ఆ కష్టం చూసి 1642లో పాస్కల్ లెక్కలు చేసే మెషీన్ మొదలుపెట్టాడు. అప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్లు, అంటే ఇప్పుడు నా వయసు. పళ్ల చక్రాలు తిప్పితే అంకెలు కూడుతుంది, పది దాటితే క్యారీ దానంతట అదే పక్క చక్రానికి పోతుంది. చక్రాలు వెనక్కి తిరగవు కాబట్టి తీసివేతకి నైన్స్ కాంప్లిమెంట్ వాడాడు. డిజిటల్ లాజిక్‌లో మనం బట్టీ పట్టిన కాంప్లిమెంటే అది! సరైన మోడల్ వచ్చేదాకా దాదాపు 50 నమూనాలు చేశాడు. ధర ఎక్కువ కావడంతో ఎక్కువ అమ్ముడుపోలేదు.

1646లో ఆయనకి టోరిసెల్లి ప్రయోగం గురించి తెలిసింది. పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసం తొట్టిలో తలకిందులుగా నిలబెడితే, పాదరసం దాదాపు 76 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, పైన ఖాళీ మిగులుతుంది. ప్రకృతి ఖాళీని ఒప్పుకోదు అని అప్పటి పెద్దలు శతాబ్దాలుగా నమ్మినారు. పంపు నీళ్లని లాగేది కూడా అందుకే అనేవాళ్లు. అట్లయితే పంపు 10 మీటర్లు దాటి ఎందుకు లాగలేదు? మన పక్క పాత బావుల్లో మోటారు కిందికి దించి పెట్టేది కూడా దీనివల్లే. పంపు లాగడం లేదు, బయట ఉన్న గాలి తన బరువుతో నీళ్లని లోపలికి తోస్తా ఉంది. గాలి తోసే బలం అంతవరకే.

ఇది నిజమైతే కొండ పైన గాలి తక్కువ కాబట్టి పాదరసం కూడా దిగాలి. పాస్కల్‌కి ఆరోగ్యం బాగలేదు, ఉండేది పారిస్‌లో. అందుకని సొంతూరి పక్కన ఉన్న పుయ్ ద డోమ్ కొండ ఎక్కమని బావ ఫ్లోరాన్ పెరియేకి ఉత్తరం రాశాడు. 1648 సెప్టెంబర్ 19న పెరియే ఊళ్లో రెండు గొట్టాలు నింపి, రెండూ సమానంగా ఉన్నాయని చూశాడు. ఒకదాన్ని మఠం తోటలో పెట్టి, రోజంతా చూస్తా ఉండమని ఒక సన్యాసికి అప్పగించాడు. రెండోదాన్ని దాదాపు 1000 మీటర్ల పైకి తీసుకుపోతే పాదరసం 8 సెంటీమీటర్ల పైనే దిగింది. తోటలోది మాత్రం కదల్లేదు.

నాకు బాగా నచ్చింది ఆ తోటలో గొట్టమే. అది లేకపోతే వాతావరణం మారిందనో, గొట్టం సరిగ్గా లేదనో ఎవరైనా వాదించొచ్చు. ఒక్కటే మార్చి, మిగతాదంతా అట్లే ఉంచి, తేడా చూడాలి. డీబగ్గింగ్ అంటే ఇదే కదా. వాయులింగం ఉన్న ఊళ్లో పెరిగి, గర్భగుడిలో గాలికి ఊగే దీపాన్ని చూసిన నేను గాలికి బరువుందని చిన్నప్పుడే చదివాను. దాన్ని ఎట్లా రుజువు చేశారో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

తర్వాత పాస్కల్ ద్రవాల మీద పుస్తకం రాశాడు. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ప్రెషర్ అన్ని వైపులా సమానంగా పోతుంది. ఒక పిస్టన్ ఇంకోదాని కన్నా వంద రెట్లు పెద్దదైతే ఒక మనిషి వంద మంది బలానికి సరితూగుతాడు, కాకపోతే పెద్ద పిస్టన్ కదిలే దూరం వందో వంతే. లోడర్ బకెట్ లేచేది ఈ సూత్రం మీదే. కానీ ఆ పుస్తకం ఆయన పోయాక 1663లో అచ్చయింది. 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండ్‌లో హైడ్రాలిక్ ప్రెస్‌కి పేటెంట్ తీసుకున్నాడు.

1654లో ఫెర్మాతో ఉత్తరాల్లో ప్రాబబిలిటీకి పునాది వేశాడు. అదే ఏడాది నవంబర్ 23 రాత్రి ఏదో దైవానుభవం కలిగింది. దాన్ని కాగితం మీద రాసి కోటు లోపల కుట్టుకున్నాడు, చనిపోయేదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఎక్కువ కాలం మతచింతనలోనే గడిపాడు. అయినా 1662లో పారిస్‌లో ఐదు సూల టికెట్‌తో, ఫిక్సెడ్ రూట్లలో తిరిగే గుర్రబ్బండ్లు పెట్టించాడు. ఇప్పటి సిటీ బస్సుకి అది ముత్తాత. అదే ఏడాది ఆగస్టు 19న అక్క ఇంట్లో కన్నుమూశాడు. 39 ఏళ్లే.

ఇక లోడర్ సంగతి. రెండోసారి ఒక పెద్దాయన వచ్చినాడు. బకెట్ నేలకి దించి, ఇంజన్ ఆన్‌లో పెట్టి, ట్యాంకు నుంచి పంపుకి పోయే సక్షన్ గొట్టం జాయింట్ల మీద ఒక్కోదానికి గ్రీజు పూసినాడు. మూడో జాయింట్ దగ్గర శబ్దం తగ్గిపోయింది. అక్కడ లోపలి ప్రెషర్ బయట గాలి కన్నా తక్కువ, అందుకే ఆయిల్ కారలేదు, గాలే లోపలికి దూరింది. ఆ గొట్టం, క్లాంపు మార్చి, గేజ్ పెట్టి చూస్తే ప్రెషర్ మాన్యువల్‌లో ఉన్నంత వచ్చింది. పంపు బాగానే ఉంది. పంపు తర్వాత గొట్టాల్లో ప్రెషర్ దాదాపు 200 బార్ ఉంటుందని, అక్కడ లీకు వెతకాలంటే చెయ్యి పెట్టకూడదని, సన్నని ధార చర్మంలోకి దూరిపోతుందని, అట్ట ముక్క పెట్టి చూడాలని నాకు గట్టిగా చెప్పినాడు.

ఆ పెద్దాయనకి పాస్కల్ పేరు తెలీదు. ఆ రాత్రి మా అత్త అందరికీ వడ్డించి, తనూ కూర్చుని కడుపునిండా తినింది.