చంపవచ్చిన వారిని మనుషులుగా మార్చిన మహాత్ముడు

పొట్ట చేతబట్టుకొని బొంబాయి బాట పట్టడం మన సరిహద్దు పల్లెలకు కొత్త కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెల కూలీలు ఆ నగరం చేరి రాళ్లు మోశారు, గోడలు కట్టారు, బాటలు వేశారు. అక్కడివారు వారిని కామాఠీలు అన్నారు. వారు కాపురమున్న పేటే కామాఠీపుర. పద్నాలుగు గల్లీల ఆ పేటకు తరువాతి కాలంలో అంటిన అపకీర్తి లోకమంతటికీ తెలుసు. కాని అది కష్టజీవుల పేరు మీద వెలసిన పేట అని, మహాత్మా జ్యోతిరావు ఫూలే ఉద్యమానికి ముంబై తెలుగువారు అండగా నిలిచారని తెలిసినవారు తక్కువ. కన్నబిడ్డలు చెడు సావాసాల పాలవుతున్నారని తల్లిదండ్రులు కలతపడే ఈ రోజుల్లో ఆ మహనీయుని జీవితం మరోసారి తెలుసుకోదగినది.

జ్యోతిరావు 1827 ఏప్రిల్ 11న జన్మించారు. వారిది పూలు, కూరగాయలు పండించే మాలీ కుటుంబం. పసితనంలోనే తల్లి చిమణాబాయి కన్నుమూశారు. చదువు ఎందుకని నలుగురూ అనగా తండ్రి గోవిందరావు కొడుకును బడి మాన్పించి తోటపనికి పెట్టారు. అయితే ఇరుగుపొరుగున ఉన్న గఫార్ బేగ్ మున్షీ, లిజిట్ అనే ఇద్దరు పెద్దలు ఆ బాలుని తెలివిని గుర్తించి తండ్రికి నచ్చజెప్పారు. ఆ విధంగా 1841లో జ్యోతిరావు పుణెలోని స్కాటిష్ మిషన్ పాఠశాలలో చేరారు. ఇద్దరు పెద్దల మాట సాయం ఒక బాలుని జీవితాన్నే మార్చివేసింది.

యౌవనంలో ఆయన కూడా ఉడుకు నెత్తురు గలవాడే. లహూజీ వస్తాద్ సాళ్వే తాలింఖానాలో కుస్తీ, కర్రసాము నేర్చుకున్నారు. 1848లో ఒక బ్రాహ్మణ మిత్రుని పెళ్లి ఊరేగింపులో నడుస్తుండగా, తక్కువ కులం వాడివని అందరి ఎదుటా అవమానించి వెనక్కి పంపారు. ఆ వయసులో, ఆ దేహబలంతో, ఆ అవమానానికి కర్ర ఎత్తడం కష్టం కాదు. ఆయన మాత్రం ఆ కోపాన్ని బడిగా మలిచారు. అదే సంవత్సరం పుణెలోని భిడేవాడలో బాలికల పాఠశాల ప్రారంభించారు. భార్య సావిత్రీబాయికి తానే చదువు చెప్పి ఉపాధ్యాయురాలిని చేశారు. లోకుల ఒత్తిడికి లొంగి 1849లో తండ్రి ఇంటి నుంచి వెళ్లగొట్టినా దంపతులు వెనుదీయలేదు. అంటరానివారి పిల్లలకు బడులు తెరిచారు. 1855లో రైతులకు, కూలీలకు రాత్రిబడి నడిపారు.

ఈ పనులు గిట్టనివారు ఆయన ప్రాణానికే వెల కట్టారు. 1856 ప్రాంతంలో ఒకనాటి రాత్రి ఇద్దరు మనుషులు ఆయుధాలతో ఆ ఇంట్లో ప్రవేశించారు. ఒకడు రోడే అనే రామోషీ, మరొకడు ధోండీరాం నామ్‌దేవ్ అనే కుమ్మరి. అలికిడికి లేచిన జ్యోతిరావు ఎవరు మీరని అడిగారు. తనను చంపితే చెరి వెయ్యి రూపాయలు ఇస్తామని వారికి ఆశ చూపినట్టు తెలుసుకున్నారు. తన వల్ల వారికి కలిగిన కీడేమిటని అడిగితే ఏమీ లేదన్నారు. పేదల కోసమే బతుకుతున్న తన ప్రాణం వల్ల ఇద్దరు పేదల ఇల్లు గడుస్తుందంటే అంతకన్నా కావలసిందేమిటని ఆయన తల వంచారు. ఎత్తిన చేతులు దిగిపోయాయి. ఇద్దరూ ఆయన పాదాల మీద పడ్డారు. పంపినవారినే తుదముట్టిస్తామని లేచిన వారిని కూడా ఆయన వారించారు.

ఆ రాత్రి హత్య జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించవలసిన విషయం. ఉరికంబం ఎదురుచూసేది ఆ ఇద్దరి కోసం. రోడ్డున పడేవి వారి ఆలుబిడ్డలే. డబ్బిచ్చి పంపినవారు మాత్రం తమ ఇళ్లలో నిశ్చింతగా నిద్రపోయేవారు. కత్తి పట్టినవాడు కటకటాల పాలు, పట్టించినవాడు తెర చాటు కావడం ఆనాటికీ ఈనాటికీ ఒక్కటే. ఆ గతి తప్పింది గనుకనే రోడే జ్యోతిరావుకు అంగరక్షకుడయ్యాడు. ధోండీరాం చదువుకొని పండితుడై, పుస్తకాలు రాసి, తరువాత సత్యశోధక సమాజానికి ఒక స్తంభంగా నిలిచాడు.

దారి తప్పినవారిని తరిమివేయకుండా చేరదీయడం ఆయన జీవితమంతటా కనిపిస్తుంది. మోసపోయి గర్భవతులైన వితంతువులు పసికందులను చంపుకోకుండా 1863లో తన ఇంటనే ఆశ్రయం ఏర్పాటు చేశారు. అక్కడ పుట్టిన ఒక శిశువును యశ్వంత్ అని పేరు పెట్టి దత్తత తీసుకున్నారు. అతడు పెరిగి వైద్యుడయ్యాడు.

1873 సెప్టెంబర్ 24న ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. ఆయన కూడా వంతెనలు, సొరంగాల పనులకు కాంట్రాక్టరే. ముంబైలోని తెలుగు కాంట్రాక్టర్లతో ఏర్పడిన పరిచయం ఉద్యమ బంధంగా మారింది. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాలేవార్ వంటి తెలుగు ప్రముఖులు సమాజానికి ధనసాయం చేశారు. ప్రచారం కోసం అచ్చుయంత్రం సమకూర్చారు. తట్టమోసిన జాతి సంపాదన అక్షరానికి ఉపయోగపడింది.

పుణె మునిసిపాలిటీ సభ్యునిగా ఉన్నప్పుడు, 1880లో, పెరుగుతున్న సారా దుకాణాలు పేదల ఇళ్లు కూల్చుతున్నాయని ఆయన అభ్యంతరం తెలిపారు. 1882లో హంటర్ కమిషన్ ఎదుట, కనీసం పన్నెండేళ్ల వయసు వరకు పిల్లలకు ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు వీలైనంత వరకు సేద్యం చేసుకునే కుటుంబాల నుంచే రావాలని కోరారు. ఆయన అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ముంబై మిల్లు కార్మికులను సంఘటితపరచి 1890లో ఆదివారం సెలవు సాధించారు.

1888 మే 11న ముంబైలో ప్రజలు జ్యోతిరావును మహాత్మా అని గౌరవించారు. అదే సంవత్సరం పక్షవాతం వల్ల కుడిచేయి పడిపోగా, ఎడమచేతితో తన చివరి గ్రంథం రాశారు. 1890 నవంబర్ 28న కన్నుమూశారు. 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ సావిత్రీబాయి కూడా అదే వ్యాధికి బలయ్యారు.

నేడు కూడా మన పల్లెల యువకులు బతుకుతెరువుకై ఆ మహానగరానికి వెళుతూనే ఉన్నారు. అక్కడా, ఇక్కడా, నాలుగు నోట్లు చూపి కర్ర చేతికిచ్చేవారికి కొదవ లేదు. అటువంటి చేయి చాపే ముందు, దీనివల్ల నాకు కీడు చేసినవాడెవడు, నా వెనుక మిగిలేది ఎవరు అని ఒక్క క్షణం ఆగి ఆలోచించుకోవాలి. తప్పు చేసిన బిడ్డకు తలుపు మూసే ముందు, చంపవచ్చిన వారికే తలుపు తెరిచిన ఆ ఇంటిని పెద్దలు తలచుకోవాలి.